రేవు మేడి కింద సువార్తమ్మ

సువార్తమ్మది మెట్ట ప్రాంతం. జంగారెడ్డిగూడెం అవతల పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పుట్టి, అక్కడే పెరిగింది. వేసవి వస్తే చేతిపంపు దగ్గర బిందె పెట్టి తన వంతు కోసం ఎదురుచూడటం ఆమెకు అలవాటు. అలాంటి పిల్లని డెల్టాలో తూములపాలెం ఇశ్రాయేలుకిచ్చి పెళ్ళి చేశారు. బస్సు దిగి అత్తవారి వెంట కాలువ గట్టెక్కిన పూట ఆమెకు ముచ్చట కంటే ముందు భయం వేసింది. ఎటు తిరిగినా నీళ్ళే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ ఊరిని ఒరుసుకుంటూ పోతోంది. కాలువకి బోదెలు, బోదెల వెంట చేలు, చేలల్లో మోకాటి లోతు బురద. ఇంత నీళ్ళ మధ్య మనుషులు ఎలా బతుకుతారని ఆమె అడిగితే ఇశ్రాయేలు నవ్వాడు.

"మునక్కుండా బతుకుతారు" అన్నాడు.

అతను కాలువల్లో గుర్రపుడెక్క తీసే పనికి పోయేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుము లోతు నీళ్ళలో ఉండి, ఇంటికొచ్చేసరికి వేళ్ళన్నీ ముడతలు పడి ఉండేవి. కొత్త పెళ్ళాం భయం తీర్చాలని ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెని మేడిచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు.

ఊరి రేవుకీ, వాళ్ళుండే పేట రేవుకీ మధ్య, గట్టు కాస్త ఎత్తుగా ఉన్నచోట ఉండేది ఆ మేడి. దాన్ని ఎవరూ నాటలేదు. ఏ పిట్ట వేసిన గింజో మొలిచి, అడిగేవాళ్ళు లేక అంతదయింది. సగం కొమ్మలు నీళ్ళ మీదికి వంగి ఉండేవి. మొదలు నుంచి పైదాకా కాండానికే గుత్తులు గుత్తులుగా కాయలు. పండి రాలితే బుడుంగుమని చప్పుడయ్యేది, ఆ చప్పుడుకే చేపలు పైకి వచ్చేవి. ఇశ్రాయేలు ఒక పండు కోసి, రెండుగా చీల్చి, లోపలి పురుగుల్ని ఉఫ్ అని ఊదేసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మొహం చిట్లించుకుంటూనే తింది. తీపి పెద్దగా లేదు గానీ, బాగుంది. ఆ రోజు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఆమెకు తూములపాలెం తన ఊరయింది ఆ పూటే.

మరుసటేడు ఆగస్టులో గోదారి పొంగింది. అది ఎనభైయారు వరద. ఇప్పటికీ డెల్టాలో పెద్దవాళ్ళు వయసులు ఆ వరదకి ముందూ వెనకా చేసి చెప్పుకుంటారు. ఎగువన ఏటిగట్టు తెగింది. పల్లంలో ఉన్న పేటలోకి నీళ్ళు ముందొచ్చాయి. సువార్తమ్మకి అప్పుడు నెలలు నిండి ఉన్నాయి. ఇశ్రాయేలు ఆమెని మంచం మీద కూర్చోబెట్టి, నలుగురి సాయంతో కాలువ గట్టు మీదికి చేర్చాడు. మునగనిది ఆ గట్టొక్కటే. మనుషులు, మేకలు, కోళ్ళు, బియ్యం బస్తాలు అన్నీ దాని మీదే. మేడి కొమ్మకి వాన పడకుండా బరకం కట్టి, ఆ నీడన ఆమెకి చోటు చేశారు.

అక్కడే కాన్పయింది. మంత్రసాని మరిడమ్మ తడిసిన చీరతోనే పురుడు పోసింది. ఆడపిల్ల. ఎర్రగా, గుప్పెడంత మొహంతో, ఏడిస్తే గట్టు ఆ చివరికి వినబడేంత గొంతుతో ఉంది.

"ఈ గొంతు విని గోదారి కూడా వెనక్కి పోద్దే" అంది మరిడమ్మ.

గోదారి వెనక్కి పోలేదు. ముసురు తెరిపియ్యలేదు. కొన్నాళ్ళకి పిల్లకి ఒళ్ళు కాలింది. పాలు తాగడం మానేసింది. ఏడుపు సన్నగిల్లి పిల్లి కూతలా అయింది. ఆసుపత్రికి పోదామంటే రోడ్డు నీళ్ళ కింద ఉంది. ఇశ్రాయేలు పడవ కోసం ఈదుకుంటూ, నడుచుకుంటూ మూడూళ్ళు తిరిగి, ఎవరినో బతిమాలి ఒక దోనె తీసుకొచ్చాడు. అతను గట్టెక్కేసరికి సువార్తమ్మ పిల్లని ఒడిలో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. మరిడమ్మ అతన్ని చూసి తల అడ్డంగా ఊపింది. దోనె వాడు దోనె తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సమాధుల దొడ్డి నిలువులోతు నీళ్ళలో ఉంది. పాస్టరుగారు ఏ ఊళ్ళో చిక్కుకుపోయారో తెలియదు. ఇశ్రాయేలు పార అడిగి తెచ్చి, రాత్రి గట్టు మీద అందరూ పడుకున్నాక మేడి మొదట్లో తూర్పు వైపు, కుక్కలు తవ్వలేనంత లోతుగా తవ్వాడు. పిల్లని తన తువ్వాలులో చుట్టాడు. మట్టి వేసే ముందు ఏదో ఒక ప్రార్థన చెయ్యాలి గదా అనుకున్నాడు గానీ, అతనికి కంఠతా వచ్చింది ఒక్కటే, అన్నం తినే ముందు చెప్పేది. 'ప్రభువా, నీవిచ్చిన ఈ ఆహారమును దీవించుము' అని మొదలెట్టి, మధ్యలో ఆగిపోయి, మళ్ళీ మొదలెట్టి, చివరిదాకా అదే చెప్పాడు. సువార్తమ్మ ఆమెన్ అంది. మరిడమ్మ మావుళ్ళమ్మ భక్తురాలు, ఆవిడ కూడా ఆమెన్ అంది.

పిల్లకి పేరు పెట్టలేదు. బాప్తిస్మం రోజున పాస్టరుగారు పెడతారులే అనుకున్నారు.

వరద తీశాక ఊరంతా ఎవరి నష్టం వాళ్ళు చూసుకునే పనిలో పడింది. గొడ్లు పోయినవాళ్ళు, ఇళ్ళు పోయినవాళ్ళు, చేలల్లో ఇసక మేట వేసినవాళ్ళు. వాటి మధ్య పురిటిగుడ్డు పోయిందన్న మాట ఎవరూ ఎక్కువకాలం గుర్తుపెట్టుకోలేదు. సువార్తమ్మకి మళ్ళీ కడుపు పండలేదు. ఒకసారి రాజమండ్రి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు ఇశ్రాయేలు. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆమె ఊడ్పుల పనికి పోయేది. చెయ్యి చురుకు, మాట మంచి. కొన్నేళ్ళకి ఆడకూలీల ముఠాకి పెద్దయింది. ఏ రైతు చేలో ఎంతమంది దిగాలో, ఏ పొద్దున బయల్దేరాలో ఆమే చెప్పేది. పని ముగిశాక మాత్రం అందర్నీ ముందు పంపించేసేది. "మీరు నడవండి, నేను కాళ్ళు కడుక్కుని వస్తాను" అనేది. కాళ్ళు కడుక్కోవడానికి మేడి దగ్గరికే ఎందుకు పోతుందని ఎవరూ అడగలేదు. అక్కడ ఆమె ఏడ్చేది కాదు. తూర్పు వైపు కూర్చుని, ఆ రోజు సంగతులు గొంతు తగ్గించి చెప్పేది. ఈ ఏడు దాళ్వా పంటకి నీళ్ళివ్వరంట అనేది. పడమటి చేలన్నీ చేపల చెరువులు తవ్వేస్తున్నారు, ఇంక ఊడ్పులుండవు అనేది. మీ నాన్నకి మోకాళ్ళు నొప్పి, చెబితే వినడు అనేది. ఒక్కోసారి ఇశ్రాయేలు కూడా వచ్చి పక్కన కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. ఆమె చెప్పేవి వినేవాడు.

మరిడమ్మ ముసలితనంతో కన్నుమూసింది. కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఇశ్రాయేలు పోయాడు. ఊపిరందక, రాజమండ్రి ఆసుపత్రి వరండాలో. సమాధుల దొడ్డిలో నలుగురే ఉండి పూడ్చారు. ఇంటికొచ్చి తలుపు గడియ తీస్తుంటే సువార్తమ్మకి తోచింది, మేడి కింద ఏముందో తెలిసినవాళ్ళలో ఇక తానొక్కతే మిగిలిందని.

ఆ మరుసటేడు కాలువ గట్లకి కాంక్రీటు పలకలు వెయ్యడానికి కొలతలు మొదలయ్యాయి. టేపులు పట్టుకుని మనుషులొచ్చారు. అడ్డున్న చెట్లకి ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఒక సాయంత్రం ఆమె పోయేసరికి మేడి కాండం మీద ఆ గుర్తు ఉంది. రంగు ఇంకా ఆరలేదు. ఆమె చీర చెంగుతో తుడిచింది. చెంగు ఎర్రనయింది గానీ గుర్తు పోలేదు. పంచాయతీ ఆఫీసుకి పోయి అడిగింది. "అది మా చేతిలో పని కాదు సువార్తమ్మా. అయినా ఆ చెట్టు నీకేం చేసుకోను?" అన్నారు అక్కడి వాళ్ళు. ఆమె మెట్లు దిగి వచ్చేసింది.

చెట్టుని కాపాడింది లక్ష్మీనరసింహం మాస్టారు. ఆయన కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చి, తూములపాలెం హైస్కూల్లోనే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నెమ్మదైన మనిషి. పేట పిల్లలకి కూడా ఇంటి వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. పిఠాపురం వెళ్ళి దత్తుణ్ణి దర్శించుకుని వచ్చే అలవాటు ఆయనకుంది. ఈ మేడిని కొట్టేస్తారని విని ఒక గురువారం పొద్దున్నే వచ్చి, కాండానికి పసుపు గుడ్డ చుట్టి, దీపం పెట్టారు. "ఇది ఔదుంబరం. దత్తాత్రేయుల వారుండే చెట్టు. దీని మీద గొడ్డలి పడకూడదు" అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. తర్వాతి గురువారానికి పదిమంది, ఆపై గురువారానికి ఆటోలు మాట్లాడుకుని పక్క ఊళ్ళ వాళ్ళు. కొలతల వాళ్ళు మళ్ళీ వచ్చి చూసి, పలకల వరస చెట్టుకి అటూ ఇటూ ఆపేసి వెళ్ళిపోయారు.

సువార్తమ్మ ఆ రోజు దారిలో మాస్టారు ఎదురైతే ఆగి రెండు చేతులూ జోడించింది. "చెట్టుని బతికించారండి" అంది. ఆయన మొహమాటపడ్డారు. "నాదేముందమ్మా, అంతా ఆయనదే" అన్నారు.

మొదట్లో ఆమెకి ఇబ్బంది ఏమీ లేకపోయింది. గురువారాలు మానేసి మిగతా రోజుల్లో వచ్చేది. తర్వాత ప్రదక్షిణలు చేసేవాళ్ళు రోజూ రావడం మొదలెట్టారు. చుట్టూ ఊడ్చి ముగ్గులు వేశారు. చెప్పులు బయట విడవాలని బోర్డు పెట్టారు. ఆమె కొంచెం ఎడంగా, గట్టు వాలులో కూర్చునేది. అక్కడి నుంచి గొంతు తగ్గించి మాట్లాడితే పిల్లకి వినబడదేమో అనిపించేది. అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకునేది.

ఆమె అక్కడ కూర్చోవడం పేటవాళ్ళ కంట పడింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారి భార్య ఆమెని పక్కకి పిలిచింది.

"నువ్వు ఆ గుడి చెట్టు దగ్గర కూర్చుంటున్నావంట, నిజమేనా అక్కా?"

"కాళ్ళు నొప్పులు. నీడ ఉందని కూర్చుంటానమ్మా."

"నీడ చర్చి దగ్గర కూడా ఉంది కదా. బావగారు పోయినకాణ్ణించి నీ మనసు చెదిరిందని అందరూ అనుకుంటున్నారు. నలుగురి నోళ్ళలో పడకు."

ఆమె సరేనంది. కొన్నాళ్ళు పోవడం మానేసింది. ఇంట్లో కూర్చుంటే పొద్దు గడవక, మళ్ళీ వెళ్ళింది.

ఈ ఏడు వేసవిలో, చెట్టు పూజలు చూసుకునే కమిటీ వాళ్ళు చెట్టు చుట్టూ పెద్ద అరుగు కట్టాలని తలపెట్టారు. కింద కాంక్రీటు, పైన టైల్సు, చుట్టూ స్టీలు రెయిలింగు. రొయ్యల చెరువుల్లో బాగుపడిన శివరామరాజుగారు ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నారు. ఈ సంగతి సువార్తమ్మ దాళ్వా వరి కోస్తూ వింది. చేతిలో కొడవలి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మాస్టారింటికి పోయింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఆయన భార్య కనకవల్లి గుమ్మంలో కూర్చుని ఆనపకాయ తరుగుతోంది.

"రా సువార్తమ్మా. ఏంటి ఇలా వచ్చావు?" అంది కనకవల్లి.

"ఆ చెట్టు చుట్టూ అరుగు కడతారంటగదండి మాస్టారూ."

"అవునమ్మా. రాజుగారు పూనుకున్నారు."

"మట్టిని అలా వదిలేస్తే బాగుంటదండి. చుట్టూ కప్పేస్తే వేళ్ళకి ఊపిరాడదండి."

"మేస్త్రీని అడిగానమ్మా. మొదలు చుట్టూ జానెడు వదులుతామన్నాడు. చెట్టుకేం కాదు."

"తూర్పు వైపయినా వదిలెయ్యలేరా అండి?"

మాస్టారు కళ్ళజోడు తీసి ఆమెని చూశారు. "తూర్పే కదమ్మా ఎదురు. మెట్లు అటే వస్తాయి. ఎందుకని అడుగుతున్నావు?"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఈయన నమ్ముతారు, జాలిపడతారు కూడా. కానీ దేవుడి చెట్టు కింద శవం ఉందంటే రేపటి నుంచి ఎవరూ ప్రదక్షిణకి రారు. పసుపు గుడ్డ విప్పేస్తారు. దాని వెనక ఎర్ర గుర్తు ఇంకా అలాగే ఉంది.

"ఏం లేదండి. తెలీక అడిగేను" అని లేచింది. కనకవల్లి కత్తిపీట మీద చెయ్యి ఆపి, ఆమె గేటు దాటేదాకా చూస్తూ ఉండిపోయింది.

పునాది తవ్వే రోజున సువార్తమ్మ కూలికి వచ్చింది. మేస్త్రీ దుర్గాసాయి ఆమెని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఈ వయసులో నీకెందుకు పిన్నీ ఈ పని? మోకాళ్ళు బాలేవు కదా."

"తట్టలు మొయ్యలేను గానీ తవ్వగల్ను బాబూ. ఆ తూర్పు పక్క నాకిచ్చెయ్యి."

అతను తల గోక్కుని సరేనన్నాడు. ఆమె చెంగు నడుముకి బిగించి గునపం పట్టుకుంది. ఎవరైనా సాయానికి వస్తే వద్దంది. కొంత లోతు పోయాక గునపం పక్కన పెట్టేసి చేత్తో, చిన్న పారతో తీయసాగింది. ఏం కనబడుతుందో, కనబడితే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. ఎవరి కంటా పడకుండా తీసి ఒళ్ళో దాచుకోవాలని, వేరేవాళ్ళ పార దెబ్బ తగలకూడదని, అంతవరకే అనుకుని వచ్చింది.

ఏమీ కనబడలేదు. తువ్వాలు పీలిక గానీ, ఎముక గానీ, మరేదీ లేదు. నల్లటి తడి మట్టి. ఆ మట్టిలో నుంచి చేతి లావు వేరొకటి అడ్డంగా, నీళ్ళ వైపు పోతోంది. పిల్లని పెట్టిన చోటు సరిగ్గా అదే. ఆమె చుట్టూ ఇంకా తీసి చూసింది. అన్నీ సన్న వేళ్ళే. గుంటలో కూలబడి, ఆ వేరు మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయింది.

"రాయేమైనా తగిలిందా పిన్నీ?" అని అవతలి నుంచి దుర్గాసాయి కేకేశాడు.

"లేదు బాబూ" అంది.

పదకొండు గంటల వేళ కనకవల్లి కూలీలకి మజ్జిగ తీసుకొచ్చింది. అందరూ వేపచెట్టు నీడకి పోయారు. సువార్తమ్మ రాలేదు. కనకవల్లి గ్లాసు పట్టుకుని గుంట అంచుకి వచ్చింది. లోపల కూర్చున్న మనిషిని చూసి, చుట్టూ ఒకసారి చూసి, గ్లాసు కింద పెట్టి మట్టి కుప్ప మీదే కూర్చుంది.

"ఇక్కడేముంది సువార్తమ్మా? మా ఇంటికొచ్చిన రోజు నుంచీ నాకు అనుమానంగానే ఉంది."

సువార్తమ్మ వేరు మీది మట్టి తుడిచింది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది.

"నా కూతురండి. ఎనభైయారు వరదల్లో."

కనకవల్లి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. కాసేపటికి అడిగింది, "ఏమన్నా దొరికిందా?"

"లేదండి. చెట్టు తీసేసుకుందండి."

"ఆయనకి చెప్పనా? పని ఆపిస్తారు."

"వద్దండి అమ్మగారూ. చెబితే చెట్టుంచరు. ఇక్కడ మట్టి పోయినా చెట్టుంటే చాలండి నాకు."

కనకవల్లి గుంటలోకి వంగి ఆమె భుజం పట్టుకుంది. అంతవరకూ ఏడవని సువార్తమ్మ అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, నోట్లో చెంగు కుక్కుకుని. నీడకి పోయిన కూలీలు మజ్జిగ తాగి వస్తున్నారు. కనకవల్లి లేచి వాళ్ళకి ఎదురుపోయి, ఆమెకి ఎండదెబ్బ తగిలింది, కాసేపు అలా ఉండనివ్వండి అని చెప్పింది.

మధ్యాహ్నం కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది. కంకర, సిమెంటు కలిసి గుంటలోకి జారుతుంటే సువార్తమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఆ సాయంత్రం కనకవల్లి భర్త దగ్గర తూర్పు మెట్ల పక్కన తులసికి కొంచెం మట్టి వదిలించమని పట్టుబట్టింది. అప్పటికే అంతా పోసేశారు, పగలగొట్టడం కుదరదని మేస్త్రీ అన్నాడు. మాస్టారు తులసి కుండీ కొనిచ్చారు. దాన్ని టైల్సు మీద పెట్టారు.

సువార్తమ్మ తవ్విన మట్టిలో కొంత చెంగున మూటగట్టుకుని ఆ పొద్దే సమాధుల దొడ్డికి పోయింది. ఇశ్రాయేలు సమాధి చుట్టూ గడ్డి ఏపుగా పెరిగి ఉంది. గడ్డి పీకి, తల వైపు మట్టి పోసి, చేత్తో అదిమింది. "తీసుకొచ్చేను. చూసుకో" అంది. దొడ్డి చుట్టూ వేసిన ముళ్ళకంపల దాకా వచ్చి వెనక్కి తిరిగి చూసింది. పైన పోసిన నల్లమట్టి, చుట్టూ ఉన్న మట్టి కన్నా తడిగా కనబడుతోంది.

ఇప్పుడు ఆమె ఊడ్పులకి పోవడం లేదు. మోకాళ్ళు వంగవు. పైగా మిగిలిన చేలల్లో నాటే మిషన్లు దిగాయి. అరుగు మీదికి ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, ఆమే ఎక్కలేదు. సాయంత్రాలు వంతెన దాటి అవతలి గట్టున కూర్చుంటుంది. అక్కడి నుంచి రెయిలింగు, టైల్సు, పసుపు గుడ్డలు, వాటి పైన కొమ్మలు కనబడతాయి. మధ్యలో కాలువ వెడల్పు ఉంది కనక, గొంతు తగ్గించి చెప్పే మాటలు ఆమె మానేసింది. ఒక్కోరోజు కనకవల్లి వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. మొన్నొకసారి మాత్రం కనకవల్లి, "పిల్లది ఎవరి పోలిక సువార్తమ్మా?" అని అడిగింది.

సువార్తమ్మ ఆలోచించింది. ఆ మొహం గుర్తు తెచ్చుకోవాలని చాలాసేపు నీళ్ళ వైపు చూసింది.

"ఏమోనండి. అంత చిన్న మొహంలో తెలీదు కదండి" అంది.